పాత స్పోర్ట్స్ కారుకు లావు స్వే బార్: బిగించే ముందు ఇవి తెలుసుకోండి

నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపు మలుపులో పాత స్పోర్ట్స్ కారు ఒక పక్కకు ఒరుగుతుంది. అది నచ్చక కొందరు కుర్రాళ్లు లావు స్వే బార్ వేయిస్తారు. మెకానిక్‌లు దీన్నే స్టెబిలైజర్ బార్ అంటారు.

ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్లను కలిపే యు ఆకారపు స్టీలు కడ్డీ ఇది. కారు ఒరిగితే మెలితిరిగి అడ్డుకుంటుంది. కొంచెం లావు పెంచినా గట్టిదనం బాగా పెరుగుతుంది. అదే ఆకారంలో 20 మిల్లీమీటర్లకు బదులు 22 వేస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. 24 వేస్తే రెండింతలు దాటుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. ఒరుగుడు తగ్గింది కదా అని టైర్ల పట్టు కూడా పెరిగిందనుకుంటారు. ముందు మాత్రమే లావు బార్ వేస్తే స్టీరింగ్ తిప్పినా కారు మలుపు బయటికి పోతుంది. వెనుక మాత్రమే వేస్తే వెనుక చక్రాలు జారతాయి. ఈఎస్‌సీ లేని పాత కారు, పైగా తొలకరి వానకు తడిసిన రోడ్డు... ఇక ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా సర్దుకోవడం కష్టమే.

బిగించేటప్పుడు రెండు చక్రాలూ సమానంగా లేపి, స్టాండ్లు పెట్టాలి. ఒక్క పక్కే జాకీతో లేపితే మెలితిరిగిన బార్ బోల్టు తీయగానే తన్నుతుంది. బుష్‌లు, లింక్ రాడ్లు అరిగితే మార్చాల్సిందే, లేకపోతే ఖర్చు దండగ. చివరి బిగింపు మాత్రం కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మార్పు ముందే రాతపూర్వకంగా చెప్పాలి, క్లెయిమ్ వచ్చాక కాదు.