పాట ఎక్కడ ఆపాలి?

బదిలీ ఆర్డరు రాగానే మన క్వార్టర్లలో మొదట జరిగే పని మనందరికీ తెలుసు. కూలరు, సైకిలు, మంచం... ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది ఇక్కడే అమ్మేయాలి అని ఒక చీటీ తయారవుతుంది. అందుకే పాత వస్తువుకు ధర కట్టడం మనకు కొత్త కాదు. కానీ ఆ వస్తువు ట్రాక్టరు అయితే? కొనాలనుకునేవాళ్లు చాలామంది ఉండి, ఎవరికి ఎవరూ కనబడకపోతే? అదే ఆన్‌లైన్ వేలం.

పోయిన వేసవిలో శ్రీకాకుళం దగ్గర మా ఊరినుంచి బాబాయి నాన్నగారికి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మీ మస్తూరీ వైపు ఒక పాత ట్రాక్టరు ఆన్‌లైన్ వేలానికి పెట్టారు. ఒకసారి చూసి చెప్పవా?" అన్నాడు. నాన్నగారితో నేనూ వెళ్లాను.

ఇలాంటి ట్రాక్టర్లు చాలావరకు అప్పు మీద కొన్నవే. వాయిదాలు కట్టలేకపోతే అప్పిచ్చినవాళ్లు బండిని స్వాధీనం చేసుకుని వేలం వేస్తారు. అప్పు, ఖర్చులు పోగా ఏమైనా మిగిలితే అది పాత యజమానికే చెందాలి. కాబట్టి వేలంలో సరైన ధర రావడం ఆ రైతుకూ అవసరమే. మేము చూసిన ట్రాక్టరు బానెట్ మీద ఎండిపోయిన బొట్టు ఇంకా ఉంది. మనవైపు దసరాకు ఆయుధపూజ చేసినట్టే, ఇక్కడి రైతులు శ్రావణ అమావాస్యనాడు హరేలీ పండుగకు నాగలికీ పనిముట్లకూ పూజ చేస్తారు. ఆ బొట్టు చూసి నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వేలం షరతుల్లో మొదటిది "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటనే". అంటే తర్వాత లోపం బయటపడినా బాధ్యత కొన్నవారిదే. అందుకే ఫొటోలు చూసి పాట పాడకూడదు. మేము వెళ్లి చూస్తే బ్యాటరీ లేదు, వెనక టైర్లు అరిగిపోయాయి. ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు పనిచేయడం లేదు.

ఇక పాట సంగతి. మన ఊళ్లలో చెరువు చేపలకో, దేవుడి మాన్యం కౌలుకో వేలం జరిగితే "సర్కారు వారి పాట" అని ఒక ధర చెప్పి మొదలుపెడతారు. ఆన్‌లైన్‌లోనూ ప్రారంభ ధర ఉంటుంది. పాల్గొనాలంటే ముందుగా ధరావతు కట్టాలి. పాట దక్కనివారికి అది తిరిగి వస్తుంది. గెలిచి డబ్బు కట్టనివారు దాన్ని పోగొట్టుకుంటారు. ప్రతి పాటా కనీసం ఇంత పెరగాలన్న నియమం కూడా ఉంటుంది. మన రైల్వే కూడా తన తుక్కును ఐఆర్‌ఈపీఎస్ పోర్టల్‌లో ఈ-వేలం ద్వారానే అమ్ముతుంది.

మేము చూసిన ట్రాక్టరుకు ప్రారంభ ధర 1,80,000 రూపాయలు, పెంపు 5,000. నాన్నగారు, బాబాయి ఫోన్‌లోనే లెక్క వేశారు. అలాంటి బండి బాగున్న స్థితిలో మా ఊరివైపు 3,20,000కు దొరుకుతుంది. టైర్లు, బ్యాటరీ, మరమ్మతులకు 35,000. లారీ మీద శ్రీకాకుళం చేర్చడానికి 40,000. పన్నులు, కాగితాలకు 15,000. కాగితాలంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? రాష్ట్రం మారినప్పుడల్లా మన స్కూటర్లకు ఎన్‌ఓసీ కోసం తిరిగేవాళ్లమే కదా! మొత్తం ఖర్చు 90,000. అది తీసేస్తే 2,30,000. నాన్నగారు ఆ అంకెను చీటీ మీద రాయించారు.

కొన్ని వేలాల్లో ఈ గరిష్ఠ ధరను ముందే కంప్యూటరుకు చెప్పవచ్చు. మన తరఫున అదే పాడుతుంది, కానీ అవసరమైనంతే పెంచుతుంది. మిగతావాళ్లు 2,05,000 దగ్గర ఆగిపోతే మనకు 2,10,000కే దక్కుతుంది, 2,30,000 కట్టనక్కర్లేదు. కాబట్టి గరిష్ఠ ధరను తగ్గించి చెప్పినా లాభం లేదు, పెంచి చెబితే నష్టపోవచ్చు. ఇలాంటి ఆలోచననే విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో వివరించారు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి గెలిచినవాడు ఎందుకు నష్టపోతాడు? పదిమంది ఒకే బండిని చూసి పది ధరలు ఊహిస్తారు. కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. గెలిచేది అందరికంటే ఎక్కువ ఊహించినవాడు. అంటే బహుశా అందరికంటే ఎక్కువ పొరబడినవాడు! అమెరికాలో చమురు క్షేత్రాల వేలాలను గమనించిన ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఈ సంగతి రాశారు. దీన్ని "గెలిచినవాడి శాపం" అంటారు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ ఎక్కువ పాడటమే గౌరవం. ట్రాక్టరు విషయంలో అలా కాదు. అది దున్ని సంపాదించాలి.

వేలం రోజు సాయంత్రం ధర 2,30,000 చేరింది. అది బాబాయి పాటే. ముగియడానికి ఒక్క నిమిషం ఉందనగా ఎవరో 2,35,000 పాడారు. వెంటనే గడువు మరికొన్ని నిమిషాలు పెరిగింది. చివరి క్షణంలో ఎవరూ దొంగదెబ్బ తీయకుండా పెట్టిన ఏర్పాటు అది. అయితే మనసు లాగడానికీ అదే సమయం.

బాబాయి ఫోన్ చేశాడు. "ఇంకొక్క పదివేలు వేయనా అన్నయ్యా?"

"చీటీలో ఎంత రాశావు?" అని అడిగారు నాన్నగారు.

బాబాయి ఆగిపోయాడు. ట్రాక్టరు చివరికి 2,65,000 పలికింది. ఆ ధరకు మేమే కొనుంటే, 90,000 ఖర్చుతో కలిపి 3,55,000 అయ్యేది. అంటే మా ఊళ్లో దొరికేదానికంటే 35,000 ఎక్కువ. వారం తర్వాత ధరావతు తిరిగి వచ్చింది.

ఆ బండి ఎవరి పొలానికి వెళ్లిందో మాకు తెలియదు. దగ్గరి ఊరివాళ్లే కొనుంటే వారికి లారీ ఖర్చు లేదు, ఎన్‌ఓసీ అవసరం లేదు. కాబట్టి ఆ ధర వారికి గిట్టే ఉంటుంది. ఒకే ట్రాక్టరుకు అందరి చీటీలోనూ ఒకే అంకె ఉండదు. పాట మొదలవకముందే మన అంకె మనం రాసుకోవాలి, అంతే.