దుస్తుల్ని చూపించడం నేర్పే చదువు

చిత్రకళా ప్రదర్శన అయినా, దుస్తుల ప్రదర్శన అయినా కొన్ని నిర్ణయాలు ముందే జరగాలి. ఏ వస్తువు పెట్టాలి, ఏది పక్కన పెట్టేయాలి, దేని సరసన దేన్ని ఉంచాలి, గోడ మీద ఏం రాయాలి, ఎంత వెలుతురు పడనివ్వాలి? ఇవన్నీ తేల్చి, వాటికి జవాబుదారీగా ఉండే వ్యక్తి క్యూరేటర్. ఒకప్పుడు ఈ పనిని మ్యూజియంలో చేరి, పెద్దల దగ్గర ఏళ్ల తరబడి చేస్తూ నేర్చుకునేవారు. గత అరవై ఏళ్లలో అది మెల్లగా పీజీ చదువుగా రూపు కట్టింది. కళా ప్రదర్శనల క్యూరేషన్‌కు ముందుగా కోర్సులు వచ్చాయి, ఫ్యాషన్‌కు తర్వాత వచ్చాయి. రెండూ ఇప్పుడు చాలా చోట్ల కలిసిపోతున్నా, వాటి పుట్టుక వేరు, వాటి కష్టాలూ వేరు.

కళారంగంలో మలుపు 1969లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో వచ్చింది. అక్కడి కున్స్‌ట్‌హాలే అనే కళా ప్రదర్శనశాలకు డైరెక్టర్‌గా ఉన్న హరాల్డ్ జీమన్ అందులో 'వెన్ ఆటిట్యూడ్స్ బికమ్ ఫామ్' అనే ప్రదర్శన పెట్టాడు. పూర్తయిన చిత్రాలను తెచ్చి గోడకు తగిలించడం కాకుండా, కళాకారులనే పిలిపించి భవనంలోనే పని చేయనిచ్చాడు. రిచర్డ్ సెర్రా కరిగించిన సీసాన్ని గోడ మొదట్లోకి చిమ్మాడు. లారెన్స్ వీనర్ గోడ మీది గచ్చును చదరంగా చెక్కి తీసేశాడు, ఆ ఖాళీయే అతని కళాఖండం. మైకేల్ హైజర్ భవనం బయట కాలిబాటను పగలగొట్టాడు. ఊళ్లో గొడవైంది. జీమన్ ఆ ఉద్యోగం వదిలేసి స్వతంత్ర క్యూరేటర్‌గా స్థిరపడ్డాడు. ప్రదర్శనకు కూడా ఒక కర్త ఉంటాడన్న అభిప్రాయం ఆ తర్వాతే బలపడింది. కర్త ఉన్నాడంటే శిక్షణా ఉండాలి. న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం తన స్వతంత్ర అధ్యయన కార్యక్రమాన్ని 1968లోనే మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1987లో క్యూరేటర్ల పాఠశాల వచ్చింది. అమెరికాలో బార్డ్ కాలేజీ 1990లో క్యూరేషన్ అధ్యయన కేంద్రాన్ని స్థాపించింది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఈ చదువు 1992లో మొదలైంది.

దుస్తులకు ఇంత గౌరవం దక్కడానికి ఆలస్యమైంది. పెద్ద మ్యూజియాలు చాలాకాలం బట్టలను నేతకో, ఎంబ్రాయిడరీకో నమూనాలుగా మాత్రమే దాచాయి. వాటిని ఎవరు తొడుక్కున్నారు, ఎందుకు తొడుక్కున్నారు అన్నది మ్యూజియాలకు పట్టలేదు. న్యూయార్క్‌లో 1937లో విడిగా పుట్టిన దుస్తుల మ్యూజియం 1946లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో కలిసి కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. లండన్ కోర్టాల్డ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టెల్లా మేరీ న్యూటన్ 1965లో దుస్తుల చరిత్రను పీజీ స్థాయిలో బోధించడం ప్రారంభించారు. పాత చిత్రంలోని మనుషుల బట్టలు చూసి ఆ చిత్రం ఏ కాలానిదో చెప్పగలిగిన విదుషి ఆమె. 1971లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఫొటోగ్రాఫర్ సెసిల్ బీటన్ తనకు తెలిసిన సంపన్న మహిళల బీరువాల నుంచి గౌన్లు అడిగి తెచ్చి ప్రదర్శన చేశాడు. ఆ వెంటనే 'వోగ్' మాజీ సంపాదకురాలు డయానా వ్రీలాండ్ మెట్రోపాలిటన్‌లో సలహాదారుగా చేరి సంగీతం, అత్తరు వాసనలు, ఆర్భాటమైన బొమ్మలతో జనాన్ని రప్పించింది. చరిత్రను ఇష్టం వచ్చినట్టు మార్చిందని పండితులు కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ దుస్తుల గదులకు జనం బారులు తీరడం మొదలైంది కూడా ఆవిడ వల్లే. పాండిత్యానికీ ఆకర్షణకూ మధ్య ఉన్న ఈ తగువును తీర్చడమే ఫ్యాషన్ క్యూరేషన్ చదువుకు అసలు పని.

ఈ చదువుకు బాగా పేరున్న చోట్లు రెండు. న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో దుస్తులు, వస్త్రాల చరిత్రను, సంరక్షణను, మ్యూజియం పనిని కలిపి చెప్పే ఎంఏ ఉంది. ఆ సంస్థకు సొంత మ్యూజియం ఉండటం అక్కడి విద్యార్థులకు పెద్ద వరం. రెండోది లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్. అక్కడ ఫ్యాషన్ క్యూరేషన్ ఎంఏకి రూపం ఇచ్చినవారిలో జూడిత్ క్లార్క్, ఎమీ డి లా హే ముఖ్యులు. ఎమీ డి లా హే అంతకుముందు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 20వ శతాబ్దపు దుస్తుల క్యూరేటర్. జూడిత్ క్లార్క్ వాస్తుకళ చదివినవారు. ఆ చదువు ఆమె ప్రదర్శనల్లో కనిపిస్తుంది. 2004లో ఆంట్‌వెర్ప్‌లో మొదలై 2005లో 'స్పెక్టర్స్' పేరుతో లండన్ వచ్చిన ప్రదర్శనలో ఆమె పెద్ద పెద్ద పళ్లచక్రాలు చేయించి, వాటి మీద దుస్తులు తొడిగిన బొమ్మల్ని నిలబెట్టారు. చక్రాలు తిరిగేకొద్దీ పాతకాలపు గౌను ఒకటి నేటి డిజైనర్ గౌను పక్కకు వచ్చి, కాసేపు నిలిచి, దూరమయ్యేది. ఫ్యాషన్ పాతదాన్ని తవ్వి తెచ్చుకుంటుందన్న మాట బోర్డు మీద చదవనక్కర లేకుండా కళ్లకు కట్టింది.

తరగతి గదిలో మొదటి పాఠం వస్తువును చదవడం. విద్యార్థి ముందు ఒక పాత జాకెట్టు ఉంచుతారు. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేసి, పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ పట్టుకోవాలి. ఎవరిది, ఎప్పటిది అని ఊహించే ముందు కనిపించినదంతా రాయాలి. చంకల దగ్గర చెమట మరక ఉందా? పక్క కుట్లు విప్పి వెడల్పు చేసిన గుర్తులున్నాయా? అంచు ఒకసారి మడిచి మళ్లీ దించారా? కుట్టు చేతిదా, మిషన్‌దా, లేక కొంత అది కొంత ఇదీనా? జిప్ లోహానిదా, నైలాన్‌దా? అమెరికా పండితుడు జూల్స్ ప్రౌన్ 1982లో ప్రతిపాదించిన పద్ధతి ఇది: ముందు వర్ణన, తర్వాత అనుమితి, చివరికి ఊహ. ఈ వరుస తప్పితే విద్యార్థి తనకు ముందే తెలిసిన కథను బట్ట మీద రుద్దుతాడు. విప్పి వెడల్పు చేసిన కుట్టు ఒక్కటి చాలు, ఆ జాకెట్టు ఒకే మనిషి ఒళ్లు చేసినా వాడుకున్నదో, అక్క నుంచి చెల్లికి దిగినదో అని వెతకడం మొదలుపెట్టడానికి.

రెండో పాఠం నష్టం గురించి. వెలుతురు బట్టకు చేసే హాని పోగుపడుతూనే ఉంటుంది, తిరిగి పూడదు. అందుకే వస్త్రాల మీద 50 లక్స్‌కు మించి కాంతి పడకుండా చూస్తారు. మ్యూజియంలో దుస్తుల గది చీకటిగా ఉందని విసుక్కునే సందర్శకులకు కారణం ఇదే. కొన్ని నెలలు ప్రదర్శించిన బట్టకు ఏళ్ల తరబడి చీకట్లో విశ్రాంతి ఇస్తారు. పురుగు పట్టిందన్న అనుమానం ఉంటే సంచిలో చుట్టి గడ్డకట్టే చలిలో రోజుల తరబడి ఉంచుతారు. అద్దాల పెట్టె తయారీకి వాడిన చెక్క, జిగురు, రంగు నుంచి వచ్చే ఆవిర్లు కూడా బట్టనీ జరీనీ పాడుచేస్తాయి గనుక వాటినీ ముందే పరీక్షిస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక అడిగేది బట్టను బొమ్మకు తొడగడం. చిత్రపటానికి చట్రం చాలు. గౌనుకు ఒళ్లు కావాలి, ఆ ఒళ్లు ఇప్పుడు లేదు. దుకాణాల్లో దొరికే బొమ్మలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి, నూరేళ్ల కిందటి దుస్తులకు అవి నప్పవు. ఇక్కడ నియమం ఒక్కటే: బొమ్మకు తగ్గట్టు బట్టను మార్చకూడదు, బట్టకు తగ్గట్టే బొమ్మను మార్చాలి. చిన్న బొమ్మను తీసుకుని, దూదిలాంటి పాలిస్టర్ పొరలు కొద్దికొద్దిగా చుట్టి, పైన మెత్తటి గుడ్డ బిగించి, లోపలి పావడాలు కుట్టి, గౌను అడిగిన నడుమునూ భుజాలనూ కట్టాలి. ఒక్క గౌనుకు రోజులు పట్టొచ్చు. 19వ శతాబ్దం చివర్లో పట్టుకు బరువు రావడానికి లోహ లవణాలు ఎక్కించేవారు. ఆ పట్టు ఇప్పుడు ముట్టుకుంటే చీలిపోతుంది, కాబట్టి దాన్ని తొడగకుండా పడుకోబెట్టే చూపిస్తారు.

చీర దగ్గర ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. దానికి కత్తిరింపు లేదు, ఒంటి కొలత లేదు, కట్టే మనిషే దానికి రూపం. మడత పెట్టి చూపిస్తే నేత కనిపిస్తుంది, చీర కనిపించదు. బొమ్మకు కడితే చీర కనిపిస్తుంది, కానీ కుచ్చిళ్ల దగ్గర పాత జరీ విరుగుతుంది, బరువంతా ఒక్క చోటే వేలాడుతుంది. పూర్తిగా పరిచి చూపాలంటే అయిదున్నర మీటర్ల గోడ కావాలి. లండన్ డిజైన్ మ్యూజియంలో 2023లో ప్రియా ఖంచందానీ క్యూరేట్ చేసిన 'ది ఆఫ్‌బీట్ శారీ' ఈ కాలపు చీరలనే ఎంచుకుంది. పాత జరీ విరుగుతుందన్న భయం కొత్త చీరకు లేదు. పాత చీరల విషయంలో మాత్రం అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా రాలేదు, రావలసింది చీర కట్టే చోటి నుంచే.

క్యూరేటర్ పెట్టిన పొరుగును బట్టి వస్తువు అర్థం మారిపోతుందని చెప్పడానికి తెలుగు నేల మీద పుట్టిన కలంకారీకి మించిన ఉదాహరణ లేదు. మెట్రోపాలిటన్ మ్యూజియం 2013లో 1500-1800 మధ్య ప్రపంచ వస్త్ర వ్యాపారం మీద పెట్టిన ప్రదర్శనలో కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు యూరప్, చైనా, అమెరికా వస్త్రాల నడుమ నిలిచాయి. అక్కడ అవి ఓడలెక్కిన సరుకు. అదే మ్యూజియం 2015లో నవీనా హైదర్, మారికా సర్దార్‌ల ఆధ్వర్యంలో దక్కన్ సుల్తానుల కళా ప్రదర్శన పెట్టినప్పుడు కలంకారీ సూక్ష్మచిత్రాల పక్కన, బిద్రీ పాత్రల పక్కన చేరింది. అక్కడ అది దర్బారు కళ. రెండూ నిజమే. అద్దిన చేతుల కథ, మరిగిన చాయల కథ, కాలువలో ఉతికిన మనుషుల కథ కేంద్రంగా మూడో ప్రదర్శన కూడా పెట్టవచ్చు. ఎవరి పక్షాన కథ చెప్పాలో ఎంచుకోవడం కూడా పీజీ విద్యార్థి నేర్చుకోవలసిందే.

మిగతా పాఠాలు ఆఫీసు పనిలా కనిపిస్తాయి గానీ అవి లేకుండా ప్రదర్శన లేవదు. గదిని 1:25 కొలతలో అట్టతో కట్టి చూడటం, అరువు వస్తువులకు ఒప్పందాలు రాయడం, బయల్దేరేటప్పుడూ చేరాకా వస్తువు స్థితి నమోదు చేయడం, బీమా, రవాణా, బడ్జెట్ అన్నీ ఇందులో ఉంటాయి. వివరణ బోర్డు రాయడం వినడానికి తేలిక. యాభై అరవై మాటల్లో, నిలబడి చదివే మనిషికి, చూస్తున్నదాన్ని ఇంకాస్త బాగా చూసేలా రాయడం చాలా కష్టం.

నీతి ప్రశ్నలు ఈ రంగంలో పుస్తకాలకే పరిమితం కావు. 1983లో మెట్రోపాలిటన్ అప్పటికి జీవించి ఉన్న డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్ మీద ప్రదర్శన పెట్టినప్పుడు, అది కళా ప్రదర్శనా, ఆయన దుకాణానికి ప్రకటనా అన్న విమర్శ వచ్చింది. ఇప్పుడు ఆ ప్రశ్న ఇంకా పదునెక్కింది. పెద్ద ఫ్యాషన్ సంస్థలకు సొంత ఆర్కైవులు ఉన్నాయి, మంచి గౌన్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, డబ్బూ వాళ్ల దగ్గరే ఉంది. అరువిచ్చిన సంస్థ నొచ్చుకునే మాట బోర్డు మీద రాయగల స్వేచ్ఛ లేకపోతే క్యూరేటర్ చేసేది ప్రచారమే. ఇంకో ప్రశ్న 2022లో లేచింది. మార్లిన్ మన్రో 1962లో అధ్యక్షుడు కెనడీ పుట్టినరోజు సభలో పాడినప్పుడు తొడుక్కున్న గౌనును కిమ్ కర్దాషియన్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఏటా జరిపే విందు మెట్ గాలాకు వేసుకుని వచ్చింది. చారిత్రక దుస్తులను ఎవరూ తొడుక్కోకూడదని అంతర్జాతీయ మ్యూజియంల మండలి దుస్తుల కమిటీ ఆ తర్వాత స్పష్టంగా ప్రకటించింది. సన్నటి గుడ్డ, బిగుతైన కుట్టు, నిండా రాళ్లు ఉన్న గౌనుకు కొన్ని అడుగులు నడిచినా ఒత్తిడే.

ఇంత శ్రద్ధ పెట్టిన ప్రదర్శనకు జనం వస్తారా అంటే, వస్తారు. డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ మరణానంతరం ఆండ్రూ బోల్టన్ క్యూరేట్ చేసిన 'సావేజ్ బ్యూటీ'ని 2011లో న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో 6,61,509 మంది చూశారు. 2015లో అది లండన్ వెళ్లినప్పుడు చివరి రోజుల్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాన్ని రాత్రంతా తెరిచి ఉంచాల్సి వచ్చింది.

మన దేశంలో ఈ దారి ఎక్కువగా మ్యూజియాలజీ, అంటే మ్యూజియం శాస్త్రం, గుండా వెళ్తుంది. బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో ఆ శాఖ 1952లో మొదలైంది. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా పుట్టిన సంస్థ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా మ్యూజియాలజీ, సంరక్షణ, కళాచరిత్రల్లో ఎంఏ నడుపుతోంది. ముంబైలోని డాక్టర్ భావు దాజీ లాడ్ మ్యూజియం క్యూరేషన్‌లో పీజీ డిప్లొమా నడిపింది. చదువుతో పాటు, పని చేసి చూపించిన పెద్దలూ మనకున్నారు. అహ్మదాబాద్‌లోని కాలికో వస్త్ర మ్యూజియంలో పనిచేసిన మార్తాండ్ సింగ్ 1980లలో 'విశ్వకర్మ' ప్రదర్శనల కోసం దేశమంతా తిరిగి నేతగాళ్ల చేత, అద్దకందారుల చేత కొత్తగా వస్త్రాలు చేయించారు. మరుగున పడుతున్న పనితనాలు కొన్ని ఆ ప్రదర్శనల వల్ల మళ్లీ మగ్గం ఎక్కాయి.

చేరాలనుకునేవారికి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలా కోర్సుల్లో తలుపు తెరుచుకుంటుంది. డిజైన్, చరిత్ర, లలితకళలు, సాహిత్యం ఏదైనా ఫర్వాలేదు, కానీ ఒక ప్రదర్శన ఆలోచనను రాసి చూపమంటారు. బ్రిటన్‌లో ఎంఏ సాధారణంగా ఏడాది లేదా కాస్త ఎక్కువ, అమెరికాలో రెండేళ్లు. విదేశీ విద్యార్థుల ఫీజు స్థానికులకన్నా బాగా ఎక్కువ. చదువయ్యాక శాశ్వత క్యూరేటర్ ఉద్యోగాలు తక్కువ. చాలామంది మొదట రిజిస్ట్రార్‌గానో, ఆర్కైవ్ సహాయకులుగానో, బొమ్మలకు దుస్తులు తొడిగే పనివారిగానో చేరతారు. ఆ పనులను చిన్నచూపు చూసేవారు ఈ దారి పట్టకపోవడమే నయం.

దరఖాస్తు పెట్టేముందు ఆ సంస్థను మూడు ప్రశ్నలు అడగాలి. సొంత సేకరణ గానీ, దగ్గర్లోని మ్యూజియంతో ఒప్పందం గానీ ఉందా? విద్యార్థి స్వయంగా వస్తువును పట్టుకుని, బొమ్మకు తొడిగే అవకాశం ఉందా? చివరి ప్రాజెక్టు కాగితం మీద ఆగిపోతుందా, బార్డ్‌లోలాగా నిజమైన గదిలో నిజమైన ప్రదర్శనగా లేస్తుందా? విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లండన్‌లో 2025లో తెరిచిన వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్‌లోనైతే ఎవరైనా ముందుగా అడిగి, దాచిన వస్తువుల్లోంచి అయిదింటిని దగ్గరగా చూడవచ్చు. మామూలు సందర్శకుడికి దొరికే అంత అవకాశం కూడా విద్యార్థికి ఇవ్వలేని కోర్సుకు ఫీజు కట్టకూడదు.