వరస వదిలినా పాట పోలేదు

“జాజ్ అంటే ఎవరికి తోచింది వాళ్లు ఊదుకోవడమే కదా?” ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. జవాబుగా ‘బాడీ అండ్ సోల్’ పెట్టి వినిపిస్తాను.

1930లో జానీ గ్రీన్ వరస కట్టిన ప్రేమ విలాపం అది. ఆ ఏడే బ్రాడ్‌వే కెక్కింది. యూరప్‌లో ఐదేళ్లు గడిపి తిరిగొచ్చిన కోల్‌మన్ హాకిన్స్, 1939 అక్టోబరు 11న న్యూయార్క్‌లో దాన్ని టెనర్ శాక్సోఫోన్ మీద రికార్డు చేశాడు. మొత్తం మూడు నిమిషాలు. మొదట్లో కాసేపు వరస ఛాయ కనబడుతుంది, ఆపైన మాయం. అయినా జనం ఎగబడి కొన్నారు.

అవధానంలో సమస్యాపూరణం చూశారు కదా. ఇచ్చిన పాదం, ఛందస్సు మారవు. తక్కింది అవధాని చిత్తం. ఇక్కడ ఛందస్సు అంటే కింద పియానో, బాస్ నడిపే కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) వరుస. ఎనిమిదేసి బార్ల (తాళావర్తాల) పాదాలు నాలుగు, వెరసి 32. కార్డు మారిన చోట తగిన స్వరం పడలేదా, యతిభంగమే! మరి పృచ్ఛకుడెవరు? డ్రమ్మర్ అనుకోండి. అప్రస్తుత ప్రసంగం కూడా అతగాడిదే. సరే, పోలిక ఇక్కడితో ఆపుతాను.

ఒకటి, రెండు, నాలుగు పాదాలది ఒకే నడక. గుట్టంతా మూడోదానిలో ఉంది. పాట మామూలుగా ఒకటిన్నర శ్రుతిలో సాగుతుంది. మూడో పాదం రాగానే హఠాత్తుగా రెండు శ్రుతికి ఎక్కుతుంది. హార్మోనియం మీద చూస్తే పక్క మెట్టే. కానీ ఈ రెండు మేజర్ స్కేళ్లకీ ఏడేసి స్వరాల్లో ఉమ్మడివి రెండే! ఇరుగుపొరుగే గాని చుట్టరికం లేదు. వాద్యకారుడు అక్కడ సర్దుకునేలోపే పాట ఒకటి శ్రుతికి దిగుతుంది. ఆనక కార్డులు ఒక్కో మెట్టు చొప్పున జారుకుంటూ ఇల్లు చేరతాయి. ఇదంతా ఎనిమిది బార్లలోనే.

ఇలాంటి వాదనం వింటే మనవాళ్లు సరస్వతీ కటాక్షం అనేస్తారు, ఇంకొంచెం ముందుకెళ్లి పూనకం అంటారు. హాకిన్స్ చిన్నప్పుడే పియానో, చెల్లో నేర్చినవాడు. పూనకానికి మెట్ల లెక్కలు తెలియవు.

వరస తీయగా ఉన్న పాటలు ఎన్నో మరుగున పడ్డాయి. ఇది మాత్రం వచ్చిన ప్రతివాడికీ పని పెట్టింది. 1960లో మరో శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ ఏకంగా కార్డులనే మార్చి చూశాడు. 2011లో టోనీ బెన్నెట్, ఏమీ వైన్‌హౌస్ కలిసి పాడారు.

హాకిన్స్ 32 బార్లనూ రెండుసార్లు చుట్టి వస్తాడు. మూడో పాదం దగ్గర ఆ మెట్టు మొదటిసారి మీ చెవికి అందకపోతే, రెండోసారి కాచుకుని కూర్చోండి.