చెరువులో శీలావతి ఎందుకు గుడ్లు పెట్టదు?

శీలావతి, బొచ్చె, ఎర్రమోసు మూడూ నది చేపలు. చెరువులో మేత వేస్తే ఏపుగా పెరుగుతాయి, వానాకాలం వచ్చేసరికి ఆడచేపల కడుపులు గుడ్లతో నిండుతాయి కూడా. కానీ పెట్టవు. వరద, ప్రవాహం లేకపోవడంతో గుడ్డు చివరి మెట్టు మీదే ఆగిపోయి, కొన్నాళ్లకు ఒంట్లోనే కరిగిపోతుంది. అందుకే ఒకప్పుడు పిల్ల కోసం వరదల్లో ఏటి ఒడ్డున సన్నకన్ను వలలు కట్టేవారు. పడిన దాంట్లో ఏది శీలావతో, ఏది దాన్ని తినే చేపో పెరిగితేగానీ తెలిసేది కాదు.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి ఈ చిక్కు విప్పారు. వేరే చేపల తలలోంచి తీసిన పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి తల్లిచేపల చేత గుడ్లు పెట్టించారు. దేశం ఆ తేదీనే మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటోంది.

గ్రంథి తీయడం ఓపిక పని. పుర్రె పైచిప్ప కోసి, మెదడును మెల్లగా పైకెత్తితే, అడుగున పల్చటి పొర కింద తెల్లటి చిన్న గింజలా ఉంటుంది. చితక్కుండా తీసి ఆల్కహాల్‌లో వేయాలి. పైగా ఒక చేప గ్రంథిలో ఉన్నంత సత్తువ మరోదాంట్లో ఉండదు. ఆడచేపకు సుమారు ఆరు గంటల ఎడంతో రెండు సూదులు వేయాల్సి వచ్చేది.

అసలు లోపల జరిగేదేమిటి? మెదడులోని హైపోథాలమస్ ఒక హార్మోన్‌తో పీయూష గ్రంథిని తట్టి లేపుతుంది. గ్రంథి ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను వదులుతుంది. దాంతో అండాశయంలో తయారయ్యే స్టెరాయిడ్ గుడ్డును పండించి విడిపిస్తుంది. అయితే ఈ జాతి చేపల్లో డోపమైన్ అనే మెదడు రసాయనం బ్రేకులా అడ్డుపడుతుంది. మొదటి హార్మోన్‌ను ఎంత ఎక్కించినా బ్రేకు తీయనిదే బండి సరిగ్గా కదలదు. కెనడాకు చెందిన రిచర్డ్ పీటర్, చైనాకు చెందిన లిన్ హావోరాన్ ఈ రెండు పనులూ ఒకే మందుతో చేయవచ్చని చూపించారు. హేచరీల్లో వాడే ఓవాప్రిమ్ అలాంటిదే. సాల్మన్ చేపలోని ఆ మొదటి హార్మోన్‌కు కృత్రిమ నకలు, దానికి తోడు బ్రేకు తీసే డోమ్‌పెరిడోన్. అవును, మనం వాంతులకు వేసుకునే మందే! ఆడచేపకు కిలోకు అర మిల్లీలీటరు లోపు, మగచేపకు అంతకంటే తక్కువ. ఒక్క సూది చాలు. రాత్రి వేస్తే మర్నాటికల్లా గుడ్లు.

అలాగని సూదే గుడ్లు తయారు చేస్తుందనుకుంటే పొరపాటు. గుడ్డులో పచ్చసొన నిండటానికి నెలల తరబడి మంచి మేత, తగిన నీరు కావాలి. అందుకే అనుభవం ఉన్న హేచరీ పనివాడు సీసా మూత తీయకముందే చేపను చేతిలోకి తీసుకుంటాడు. ఆడదాని కడుపు మెత్తగా ఉండాలి, మగదాని పొట్ట నొక్కితే పాలలాంటి వీర్యం రావాలి. సిద్ధంగా లేని చేపకు మోతాదు పెంచితే గుడ్లు సగమే వచ్చి, మిగతావి లోపలే అడ్డుపడి, తల్లిచేపే చచ్చిపోవచ్చు.