పాత డీజిల్ పికప్ చూడ్డానికి పొద్దున్నే ఎందుకు వెళ్లాలి?

పాత బొలెరో పికప్ బేరానికి వెళ్లిన అనుభవమున్న మెకానిక్, తాళం అడగకముందే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. వెచ్చగా తగిలిందా, అనుమానమే. ఎందుకు?

పెట్రోల్ ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్‌కి ఉండదు. పిస్టన్ పైకొచ్చి గాలిని సుమారు 16 నుంచి 20 రెట్లు కుదించేస్తుంది. ఆ ఒత్తిడికే గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగున వేడెక్కేది కూడా ఇందుకే.

పిస్టన్ రింగులు అరిగితే గాలి పక్కనుంచి జారిపోతుంది, వేడి చాలదు. చల్లటి ఇంజిన్ మొరాయిస్తుంది. ముందే కాసేపు తిప్పి ఉంచితే ఈ లోపం బయటపడదు. అందుకే ఇంజిన్ చల్లగా ఉండే పొద్దున్నే వెళ్లాలి.

పొగ కూడా చూడాలి. నీలం పొగంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. నలుపైతే డీజిల్ ఎక్కువో, గాలి తక్కువో. తెల్లపొగ ఆగకపోతే కాలని డీజిలో, లోపలికి కారుతున్న కూలెంటో.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉంటే కంగారొద్దు, అది మసి. కాఫీరంగులో చిక్కబడితే మాత్రం నీళ్లు కలిశాయి.

ఇక ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోలకపోతే, ఇంజిన్ ఎంత బాగున్నా ఆ బండి కొనకూడదు.