ఏనుగును కొనేముందు అంకుశం ధర అడగండి!

బానెట్ మీద మూడు మొనల నక్షత్రం. లేదంటే నీలం, తెలుపు రంగుల గుండ్రటి బిళ్ల. అదీ కాదంటే ఒకదాన్నొకటి పట్టుకున్న నాలుగు ఉంగరాలు. బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడీ... ఒకప్పుడు సినిమా హీరోలకీ, పారిశ్రామికవేత్తలకే అనుకున్న ఈ కార్లు ఇప్పుడు వీధి చివరి సెకండ్‌హ్యాండ్ కార్ల షాపులోనూ దర్శనమిస్తున్నాయి. కొత్తలో 35, 40 లక్షలు పలికిన కారు పది పన్నెండేళ్లు తిరిగాక ఏడెనిమిది లక్షలకే వస్తుందంటే మనసు ఆగుతుందా? అదే డబ్బుతో కొత్త చిన్నకారు కొనాలా, పాత పెద్దకారు కొనాలా అన్న చర్చ చాలా ఇళ్లలో భోజనాల దగ్గర నడుస్తూనే ఉంటుంది.

కొనొచ్చు. తప్పేం లేదు. సక్రమంగా సర్వీసింగ్ చేయిస్తూ వచ్చిన కారైతే పన్నెండేళ్ల తర్వాత కూడా హైవే మీద నీళ్లు తొణక్కుండా తీసుకెళుతుంది. కాకపోతే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. తగ్గింది కారు ధరే కానీ దాని విడిభాగాల ధర కాదు. ఎనిమిది లక్షలకు కొన్నా హెడ్‌లైటు పగిలితే 40 లక్షల కారు హెడ్‌లైటే కొనాలి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడితే ఎలా? అందుకే కొనేముందు అడగాల్సింది కారు ధరొక్కటే కాదు, కారు చరిత్ర కూడా.

ఎందుకింత చౌక?

ఖరీదైన కార్లను మొదటి యజమాని సాధారణంగా వారంటీ అయిపోగానో, కొత్త మోడల్ రాగానో అమ్మేస్తాడు. అక్కణ్నుంచి చేతులు మారినకొద్దీ ధర పడిపోతుంది. లక్ష కిలోమీటర్లు దాటాక గేర్‌బాక్స్ ఆయిల్, సస్పెన్షన్ బుష్‌లు, వాటర్ పంపు, ఇంజెక్టర్లు... ఒక్కొక్కటే ఖర్చుకి వస్తాయి. ఆ ఖర్చు పెట్టి అమ్మేవాళ్లు కొందరు. పెట్టలేక అమ్మేవాళ్లు ఇంకొందరు. రెండో రకం కారు ఎప్పుడూ కాస్త చౌకగానే దొరుకుతుంది. ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

ఇక ఢిల్లీ కార్ల కథ వేరు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు దేశ రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చినా, అప్పటికే అక్కడి ఖరీదైన కార్లు బోలెడు దక్షిణాది దారిపట్టాయి.

కాగితాలతో మొదలుపెట్టండి

కారు నచ్చాక కాగితాలు చూస్తే లోపాలు కనపడవు. కాబట్టి ముందు ఆర్సీ అడగండి. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. డిసెంబరులో తయారై మరుసటి ఏడాది రిజిస్టరైన కారును ఒక ఏడాది కొత్తదిగా చెప్పి అమ్మడం మామూలే. కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో నంబరు కొడితే ఆర్సీ గడువు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బకాయి సంగతి తెలుస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పెండింగ్ చలాన్లూ అమ్మే వ్యక్తే కట్టాలి.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే. 2012లో రిజిస్టరైన కారును ఇవాళ కొంటే 2027లో మళ్లీ ఫిట్‌నెస్ చేయించి, రెన్యువల్ తీసుకోవాలి. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5 వేల రూపాయలకు పెరిగింది. విదేశాల నుంచి దిగుమతైన కారుకైతే 40 వేలు. ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు.

వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఆ పన్నును లెక్కకట్టేది మీరు కొన్న ధర మీద కాదు. కారు కొత్తప్పటి ధర, దాని వయసుల ప్రకారం కడతారు. ఢిల్లీ కారు లక్ష తక్కువకు వచ్చిందని సంబరపడేలోపే అంతకు మించి పన్ను పడొచ్చు. అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్టీఏ ఆఫీసులో లెక్క కనుక్కోవడం మంచిది.

మీటరు చెప్పేదే నిజమా?

పన్నెండేళ్ల డీజిల్ కారు 48 వేల కిలోమీటర్లే తిరిగిందంటే ముందు అనుమానించండి. మీటరు తిప్పేసేవాళ్లకు డిజిటల్ మీటరు పెద్ద అడ్డంకి కాదు. అయితే తిరుగుడు లెక్క మీటర్లోనే కాదు, ఇంకా చాలాచోట్ల ఉంటుంది. యజమానిని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఛాసిస్ నంబరు మీద సర్వీస్ రికార్డు తీయించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో అందులో ఉంటుంది. చాలా బీఎండబ్ల్యూల్లో తాళం చెవిలోనే కిలోమీటర్ల లెక్క నమోదవుతుంది. వీటికితోడు కంటిచూపు ఎటూ ఉంది. అరిగి నున్నబడ్డ బ్రేక్ పెడల్ రబ్బరు, మెరుగెక్కిన స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు ముడతలు అబద్ధం చెప్పవు.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అద్దాల మీదా తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. అన్నీ ఒకే ఏడాదివై ఒక్క తలుపు అద్దం మాత్రం తర్వాతిదైతే ఎందుకు మార్చారో అడగండి.

పాత ఇన్సూరెన్స్ పాలసీలు కూడా చాలా చెబుతాయి. క్లెయిము లేకపోతే నో క్లెయిమ్ బోనస్ ఏటా పెరిగి 50 శాతం దాకా వెళుతుంది. ఒక ఏడాది 45 శాతం ఉండి మరుసటి ఏడాది సున్నా అయిందంటే ఆ మధ్యలో ఏదో జరిగింది. ఏం జరిగిందో కాగితంతో సహా చూపించమనండి.

వరద మింగిన కార్లు

2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ... వరద వచ్చిన ప్రతిసారీ సెల్లార్లలో కార్లు మునిగాయి. రిపేరు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీలు టోటల్ లాస్ కింద లెక్కకట్టి డబ్బు చెల్లిస్తాయి. అసలే పాత కారు, బీమా విలువ తక్కువ, విడిభాగాలు ఖరీదు. కాబట్టి ఓ మోస్తరు ప్రమాదానికే పెద్దకారు టోటల్ లాస్ అయిపోతుంది. అలాంటివాటిని వేలంలో కొని, పైపై మెరుగులు దిద్ది మళ్లీ మార్కెట్లోకి తెచ్చేవాళ్లున్నారు.

పట్టుకోవడం కష్టమేం కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. అడుగున బురద చారిక ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తండి. సీటు పట్టాల తుప్పు, డిక్కీలో స్టెప్నీ కింద తేమ, లైట్ల లోపల ఆవిరి, ఘాటైన సెంటు వాసన... ఇవన్నీ సూచనలే. ఖరీదైన కార్లలో ఎలక్ట్రానిక్ డబ్బాలు చాలావరకు సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీలో ఉంటాయి. నీళ్లు తగిలితే జబ్బు అప్పుడే కాదు, ఏడాది తర్వాత బయటపడొచ్చు.

పొద్దున్నే వెళ్లండి

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. ముందుగా స్టార్ట్ చేయొద్దని చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీరు వినకూడదని వాళ్ల ఉద్దేశం కావచ్చు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బెంజ్ అయితే రాత్రంతా ఆగాక ఓ మూల కుంగి ఉందేమో గమనించండి. ఉంటే గాలి లీకవుతోందన్నమాట.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ లైట్లన్నీ వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం! లోపం కనపడకుండా లైటే తీసేసి ఉండొచ్చు. స్టార్ట్ చేశాక మొదటి కొన్ని క్షణాలు గొలుసు ఈడ్చినట్టు గలగల వినపడితే టైమింగ్ చెయిన్ సాగిందేమో చూపించాలి. నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. ఆయిల్ మూత అడుగున మజ్జిగలాంటి తెట్టు ఉందేమో కూడా చూడండి.

కనీసం అరగంట నడపండి. ఫ్లైఓవర్, గతుకుల రోడ్డు, ఖాళీ రోడ్డు మూడూ ఉండాలి. డీ నుంచి ఆర్‌కు మార్చినప్పుడు కుదుపు ఉన్నా, ఆలస్యంగా అందుకున్నా గేర్‌బాక్స్ పని చెప్పేటట్టే. ఏసీ, సన్‌రూఫ్, సీటు మోటార్లు, నాలుగు అద్దాలు... ప్రతి మీటా నొక్కి చూడండి.

మోడల్‌కో జబ్బు

ఒక్కో మోడల్‌కి మెకానిక్‌లందరికీ తెలిసిన ఒక్కో బలహీనత ఉంటుంది. 2007 నుంచి కొన్నేళ్లు వచ్చిన బీఎండబ్ల్యూ 320డి, 520డిల్లోని ఎన్47 డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ చెయిన్ వెనకవైపు, గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది. మార్చాలంటే పెద్ద పని, తెగితే ఇంజినే పోతుంది. 2002-06 మధ్య వచ్చిన బెంజ్ ఈ-క్లాస్‌లో ఎలక్ట్రానిక్ బ్రేకు పంపు ఎన్నిసార్లు బ్రేకు నొక్కారో లెక్కపెట్టుకుంటూ, పరిమితి దాటితే మార్చమని అడుగుతుంది. 2009-11 ప్రాంతపు ఆడీ ఏ4 పెట్రోల్ ఇంజిన్‌కు ఆయిల్ తాగుతుందన్న పేరుంది. అమెరికాలో యజమానులు కోర్టుకే వెళ్లారు. ఆడీల్లోనే కొన్నింటికి ఉండే మల్టీట్రానిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ సమయానికి మార్చారో లేదో అడగాలి. టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్ కింద ఆ కారు వస్తుందా, వస్తే మార్చారా అన్నదీ ఛాసిస్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో తెలుసుకోవచ్చు. ప్రాణాలతో పని కాబట్టి దీన్ని మాత్రం వదిలేయొద్దు.

ఇవన్నీ ఆ కార్లు పనికిరావని చెప్పడానికి కాదు. ఆ పని అయిపోయిన కారును బిల్లుతో సహా కొంటే నిశ్చింత. కానిదాన్ని కొంటే ఆ ఖర్చు తగ్గించి బేరమాడాలి.

లిఫ్ట్ మీద ఓ గంట

అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ కాకుండా, ఆ బ్రాండు కార్లు చూసే వేరే వర్క్‌షాపులో కారును లిఫ్ట్ ఎక్కించండి. ఆయిల్ లీకులు, వెల్డింగ్ అతుకులు కింద నుంచే కనపడతాయి. స్కానర్ పెట్టించి ఫాల్ట్ కోడ్లు చూడండి. ఇంజిన్ స్వీయ పరీక్షలన్నీ 'పూర్తికాలేదు' అని చూపిస్తే ఈమధ్యే మెమరీ చెరిపేశారనో, బ్యాటరీ తీశారనో అర్థం. టెస్ట్ డ్రైవ్ తర్వాత ఇంకోసారి చూస్తే కొత్త కోడ్లు వచ్చాయో లేదో తెలిసిపోతుంది. ఈ పరీక్షకు అయ్యే నాలుగు డబ్బులు దండగ కాదు. పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ కారును అక్కడే వదిలేయండి.

చివరికి ఇంటి లెక్క. చేతిలో ఎనిమిది లక్షలుంటే ఎనిమిది లక్షల కారు కాదు, ఆరు లక్షల కారు చూడాలి. మిగతా రెండు లక్షలు మొదటి ఏడాది ఖర్చులకు. ఇన్సూరెన్స్‌నే నమ్ముకుంటే కష్టం. పాత కార్లకు జీరో డిప్రిసియేషన్ పాలసీ దొరకడం అరుదు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మీదే. పదేళ్లు దాటితే ఇనుప భాగాల్లోనూ సగం మీదే. నో క్లెయిమ్ బోనస్ మనిషికే కానీ కారుకు కాదు కాబట్టి పాత యజమానిది మీకు రాదు. పద్నాలుగు రోజుల్లో పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోవాలి.

ఆ రెండు లక్షలూ పక్కన పెట్టలేమనుకుంటే కొత్త చిన్నకారే నయం. పిల్లల ఫీజులు, ఇంటి వాయిదాల మధ్య నెలకోసారి గ్యారేజీకి వెళ్లే కారు ఎంత పెద్దదైతే ఏం లాభం? పెట్టగలమనుకుంటే మాత్రం తొందరపడకుండా నాలుగు కార్లు చూడండి. అన్నిటికంటే చౌకగా వచ్చేదాన్ని కాదు, అన్నిటికంటే ఎక్కువ బిల్లులు భద్రంగా దాచిన యజమాని కారును ఇంటికి తెచ్చుకోండి.