ఎడ్డీస్టోన్ బిగింపు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి ఆ దేశం దగ్గర సైన్యానికి సరిపడా రైఫిళ్ళు లేవు. సొంత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తయారీ వేగం చాలలేదు. మూడు ప్రైవేటు కర్మాగారాలు మాత్రం అప్పటికే బ్రిటన్ కోసం 'ప్యాటర్న్ 14' అనే బోల్ట్ యాక్షన్ రైఫిల్ చేస్తూ వచ్చాయి. దాన్నే అమెరికన్ తూటాకు సరిపడేలా మార్చి 'మోడల్ 1917' అన్నారు. విన్‌చెస్టర్, రెమింగ్టన్, ఎడ్డీస్టోన్ కర్మాగారాల నుంచి దాదాపు 22 లక్షలు వచ్చాయి. ఫ్రాన్స్ వెళ్ళిన అమెరికన్ సైనికుల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఇదే.

అందులో సగానికి పైగా, అంటే 11 లక్షలకు మించి, పెన్సిల్వేనియాలోని ఎడ్డీస్టోన్‌లో తయారయ్యాయి. 1919 నాటికి అక్కడ పని ఆగిపోయింది. రైఫిళ్ళు జిడ్డు పూసుకుని గోదాముల్లో పడుకున్నాయి. 1940లో వాటిలో చాలా వాటిని బ్రిటన్ హోంగార్డుకు పంపారు. మోడల్ 1917 చూడటానికి అచ్చం ప్యాటర్న్ 14లాగే ఉంటుంది, తూటా వేరు. పొరపాటు జరగకుండా కర్ర మీద ఎర్ర పట్టీ వేశారు. ఆ తర్వాత వేటగాళ్ళు వాటిని చవగ్గా కొనుక్కున్నారు. రిసీవర్, అంటే బోల్ట్ కదిలే ఉక్కు భాగం, పొడవుగా, బలంగా ఉండటంతో పెద్ద తూటాలకు మార్చుకోవచ్చని వాళ్ళ ఆశ. చిక్కంతా అక్కడే మొదలైంది.

పెద్ద తూటాకు మార్చాలన్నా, కాల్చి కాల్చి లోపలి గాళ్ళు అరిగిపోయినా, పాత బ్యారెల్ ఊడదీయాలి. బ్యారెల్ వెనుక కొసకు మరలుంటాయి. అవి రిసీవర్‌లోకి దిగి, బ్యారెల్ భుజం రిసీవర్ ముందు అంచును తాకేదాకా తిరుగుతాయి. తాకాక ఇంకొంచెం తిప్పితే అసలు బిగింపు వస్తుంది. మరలున్న భాగం వెంట్రుకవాసి సాగుతుంది, భుజం నొక్కుకుపోతుంది. ఆ సాగిన ఉక్కు స్ప్రింగులా వెనక్కి లాగుతూ రెండు ముఖాలనూ అదిమి పడుతుంది. మనం తిప్పే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, కొద్దిపాటే బిగింపుగా మిగులుతుంది. ఎడ్డీస్టోన్‌లో ఈ బిగింపు మరీ ఎక్కువని తుపాకులు బాగుచేసేవాళ్ళలో పేరు పడిపోయింది. దానికి తోడు దశాబ్దాల తుప్పు, ఎండి గట్టిపడిన జిడ్డు.

లారీ చక్రం నట్టు రాకపోతే స్పానర్‌కు పొడవాటి పైపు తొడిగి దాని మీద నిలబడతారు. ఇక్కడ ఆ పని చేస్తే రిసీవర్ పగులుతుంది. రెంచ్ రిసీవర్ ముందు వలయాన్ని పట్టుకోకుండా వెనుక భాగాన్ని పట్టుకుంటే మెలి అంతా పలచటి గోడల మీద పడుతుంది. పోనీ మంటతో కాలుద్దామా అంటే, వేడి చేసి చల్లార్చి ఉక్కుకు తెచ్చిన గట్టిదనం అదే వేడికి పోతుంది. తుపాకీ పేలినప్పుడు ఆ ఒత్తిడిని ఆపాల్సింది ఆ ఉక్కే. కాబట్టి బ్యారెల్ మొండికేస్తే మంట వైపు చెయ్యి వెళ్ళకూడదని గట్టిగా చెబుతాను.

సరైన దారి లేత్ మిషన్ మీద ఉంది. బ్యారెల్‌ను లేత్‌లో పట్టించి, రిసీవర్ అంచుకు ఆనుకుని ఉన్న భుజం దగ్గరే సన్నటి పనిముట్టుతో చుట్టూ గాడి కోస్తారు. పదును లోతుకు దిగే కొద్దీ ఉక్కు రజను చుట్టలుగా రాలుతుంది, అంచును నొక్కుతున్న భుజం పలచబడుతుంది. నొక్కే లోహం పోయాక లాగే లోహానికి ఆధారం ఉండదు, దాచుకున్న బిగువంతా సడలిపోతుంది. అప్పుడు బ్యారెల్‌ను వైస్‌లో బిగించి, రిసీవర్‌ను రెంచ్‌తో తిప్పితే అంతదాకా కదలని మర తిరుగుతుంది. బ్యారెల్ మాత్రం పాడవుతుంది. అరిగిన బ్యారెల్ కోసం వందేళ్ళ రిసీవర్‌ను పణంగా పెట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. బ్యారెల్ కొత్తది దొరుకుతుంది, ఎడ్డీస్టోన్ రిసీవర్ మళ్ళీ ఎవరూ చేయరు.

ఊడి వచ్చాక కూడా తొందరపడకూడదు. వెంట్రుకంత పగులు కంటికి ఆనదు. రిసీవర్‌ను అయస్కాంతంగా మార్చి మీద సన్నటి ఇనుప పొడి చల్లుతారు. పగులు ఉన్నచోట అయస్కాంత రేఖలు బయటికి పొంగుతాయి, పొడి అక్కడ గీతలా పోగవుతుంది. గీత కనబడితే ఆ రిసీవర్‌ను పక్కన పెట్టేయాల్సిందే. గీత లేకపోతే మరలకు గ్రీజు రాసి కొత్త బ్యారెల్ ఎక్కిస్తారు. తర్వాత గేజులతో తూటా కూర్చునే జాగా కొలుస్తారు. ఒక గేజు మీద బోల్ట్ మూసుకోవాలి, దానికంటే రవ్వంత పొడవైన రెండో గేజు మీద మూసుకోకూడదు.